వదిలిన చోట

రామనగుడ రోడ్డు పాత ఇనప కొట్టులో
బుధియా సబర్ తక్కెట్లో
అంబాసిడర్ హ్యాండ్ బ్రేకు కిలోకి కాస్త తక్కువ తూగింది.
"కారు కొన్నావేటి మావా?" అన్నాడు.
కారు కాదురా, ఎడంచెయ్యి కొన్నాను,
అని పైకి అనకుండా డబ్బులిచ్చాను.

గుణుపురంలో మోటార్లు చుట్టే కొట్టు నాది.
రాగితీగ చుట్ల లెక్క తప్ప ఇంకో లెక్క రాదు.
రాత్రి షట్టర్ దించి
సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ముందు కుర్చీ వేసి
మోకాళ్ల నడుమ ఒక కర్ర నిలబెట్టాను.
అడుగున చచ్చిన జీపు క్రాస్ జాయింటు,
నడుము లూనా హ్యాండిల్ గొట్టం,
పైన పనసచెక్క పిడి. దాన్ని దండాసి చెక్కాడు,
మంచంకోడు అనుకుని.
రెండు రేడియోల వాల్యూమ్ బిళ్లలు పీకి పెట్టాను,
ఒకటి ముందూ వెనకా వినడానికి,
ఒకటి కుడీ ఎడమా.
కుట్టుమిషను తొక్కుడుపలక రెండు ముక్కలై కాళ్ల కిందికొచ్చింది.
పక్కింటి పాణిగ్రాహి మాస్టారు షట్టర్ సందులోంచి
"కొణో కొరుచో?" అంటే
"మిసిన్, ఆగ్యా" అన్నాను. అబద్ధమేం కాదు.

మొదట నాలుగు వైపులా సైకిల్ స్టాండు స్ప్రింగులు వేశాను.
చెయ్యి తీస్తే చాలు
హెడ్మాస్టర్ని చూసిన పిల్లాడిలా
కర్ర మధ్యకొచ్చి నిటారుగా నిలబడేది.
తెర మీద హెలికాప్టర్ బోర్లా పడేది.
పదకొండు రాత్రులు పడ్డాను,
పన్నెండో రాత్రి తెలిసింది.
విమానం కర్ర ఇంటికి తిరిగొస్తుంది.
దీనికి ఇల్లు లేదు.
వదిలిన చోటే నిలవాలి.
స్ప్రింగులు ఊడబీకాను.
సైకిల్ ట్యూబు వాషర్లు కోసి, గ్రీజు రాసి,
నట్టు పావుచుట్టు బిగించి
అందులో సగం వదిలాను.

వంశధార ఊరి మీదికొచ్చిన ఏడు నాకు పదేళ్లు.
రైసుమిల్లు రేకుల మీద ఇరవైముగ్గురం, ఒక మేక.
మూడోనాటి మధ్యాన్నం దడదడమంటూ వచ్చింది.
గాజుబుర్రలో మనిషి మొహం గుర్తులేదు.
ఎడంచెయ్యి గుర్తుంది,
సీటు పక్కన దేన్నో మెల్లగా పైకెత్తుతూ,
నిద్రపోతున్న పిల్లని లేపకుండా
కిందున్న చీర లాగినట్టు.
మా మీదికి వచ్చినట్టే వచ్చాడు.
పక్కకి జరిగాడు.
అటుకుల మూట నీళ్లలో పడింది.
మా పెద్దమ్మ తిట్లు, సగం ఒడియా సగం తెలుగు,
ఇన్నేళ్లూ నేనే దాచాను:
చేతకానోడు. పిరికోడు.

నిన్న రాత్రి తెర మీద మా ఊరిదాకా వెళ్లాను.
ఆ పటంలో ఊరు లేదు,
పచ్చటి మచ్చ, పక్కన పేరులేని నీలం గీత.
ఏటి వంపుని బట్టి మిల్లు చోటు పోల్చుకున్నాను.
ఇక ఆగాలి.
బ్రేకు కాస్త ఎత్తితే ముక్కు తిరుగుతుంది,
ముక్కుని కాలితో ఆపితే నడుము ఒరుగుతుంది,
నడుము సర్దితే కిందికి జారుతుంది.
ఎగరడం పిల్లలాట.
ఒక్కచోట ఉండటానికి నాలుగు అవయవాలూ చాలలేదు.
అరనిమిషం ఉన్నాను. బనీను తడిసింది.

అప్పుడు కింద రేకులు వేసుకున్నాను, మనసులో.
రేకులకి తుప్పు మేకులు వేశాను.
పైనుంచి రెక్కల గాలి.
ఇరవైముగ్గురు, మేక.
ఒక రేకు అంచు లేస్తోంది,
దాని మీద కూర్చున్నది మా పెద్దమ్మ.

నన్నడక్కుండానే కుడిచెయ్యి
కర్రని పక్కకి వంచేసింది.

మూట జారవిడిచే మీట నేను చెయ్యలేదు.
చేతులు తీసేసి, కంప్యూటర్ ఆపి,
చీకట్లో చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున దండాసి వచ్చి
"కర్ర ఓ పక్కకి ఒరిగుంది, సరిచెయ్యనా?" అన్నాడు.
ఉండనీరా.
ముందు ఆ కాలిన మోటారు విప్పు,
రైతు బయట నిలబడ్డాడు.